పాత ఇత్తడి బొమ్మ కొనబోయి ఆగిపోయాను: యోరుబా ఎడాన్‌ల కథ

ఈ రోజు ముందుగా ఒక ఫోటో చూపిస్తాను. ఆడియో మాత్రమే వింటున్నవాళ్ల కోసం వర్ణిస్తాను. రెండు ఇత్తడి బొమ్మలు. ఒకటి మగ, ఒకటి ఆడ. ఒక్కోటి జానెడు కంటే కొంచెం ఎక్కువ పొడవు. తల పెద్దది, ఒళ్లు చిన్నది, కళ్లు ఉబ్బెత్తుగా ఉన్నాయి. కింద నుంచి ఇనప ఊచలు బయటికి వచ్చాయి, నేలలో గుచ్చుకోవడానికి. తలల పైనుంచి ఒక గొలుసు రెండింటినీ కలుపుతోంది.

ఈ జంటని ఎడాన్ అంటారు. ఇది యోరుబా వాళ్లది. యోరుబా వాళ్లు అంటే ఎక్కువగా నైజీరియా నైరుతి భాగంలో, కొంతమంది పక్కనున్న బెనిన్ దేశంలో ఉండే జనం. మూడేళ్ల కిందట దీన్ని కొనడానికి నేను అడ్వాన్స్ కూడా ఇచ్చాను. ఇప్పుడు నా దగ్గర ఈ ఫోటో ఒక్కటే ఉంది.

అసలు నాకూ నైజీరియాకీ సంబంధం ఏంటంటే, ఉద్యోగం. బీటెక్ అయ్యాక నాలుగేళ్లు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేశాను, బ్యాంకింగ్ ప్రాజెక్ట్. క్లయింట్ లేగోస్‌లో. గో-లైవ్ కోసం మూడు నెలలు నన్ను అక్కడికి పంపారు. శనివారం సెలవు. పోయి మార్కెట్లు తిరగడం తప్ప పని లేదు. ఒక చేతిపనుల మార్కెట్లో, చెక్క ముసుగుల వెనకాల, పాత గుడ్డలో చుట్టి పెట్టిన ఈ జంటని ఒకాయన తీసి చూపించాడు. "ఇది షాపులో పెట్టే సరుకు కాదు, మా తాతది, వందేళ్లు పైనే ఉంటుంది, పూజలో వాడింది" అన్నాడు. నేను పడిపోయాను. నా నెల అలవెన్స్‌లో సగం అడ్వాన్స్‌గా పెట్టేశాను, మిగతాది వచ్చే శనివారం ఇస్తానని.

ఆ వారం రోజుల్లో నేను చదివింది, విన్నది ఇవాళ చెబుతాను.

ముందు ఎడాన్ అంటే ఏంటో చూద్దాం. యోరుబా ఊళ్లలో ఒగ్బోని అనే పెద్దల సంఘం ఉండేది. ఇజెబు ప్రాంతంలో దీన్నే ఓషుగ్బో అంటారు. మగవాళ్లే కాదు, వయసు మళ్లిన ఆడవాళ్లు కూడా అందులో ఉంటారు. వీళ్లు కొలిచేది భూమిని. మనం భూదేవి అంటాం కదా, ఆ భావానికి దగ్గరగానే ఉంటుంది, కానీ ఒకటే అని మాత్రం అనుకోకండి. మనిషి రక్తం నేల మీద పడితే అది భూమి పట్ల చేసిన అపరాధం. దాని విచారణ ఒగ్బోని చూసేది. రాజుని ఎన్నుకోవడంలో, అవసరమైతే దించడంలో కూడా చాలా చోట్ల వీళ్ల మాట నడిచేది. అంటే పంచాయితీ, కోర్టు, మఠం ఈ మూడూ కలిపి ఒకచోట ఉన్నట్టు ఊహించుకోండి. బ్రిటిష్ పాలన వచ్చాక కోర్టు అధికారం పోయింది. 1914లో ఒక ఆంగ్లికన్ పాదిరీ, రెవరెండ్ ఓగున్‌బియి, క్రైస్తవులు కూడా చేరడానికి వీలుగా ఇంకో ఒగ్బోని సంఘం పెట్టాడు. అది వేరు, ఇది వేరు. ఇంటర్నెట్‌లో రెండింటినీ కలిపేసి భయపెట్టే వీడియోలు బోలెడు ఉన్నాయి, జాగ్రత్త.

ఎడాన్ ఈ సంఘంలో చేరినవాళ్ల గుర్తు. మెడలో గొలుసుతో వేసుకుంటారు, రెండు బొమ్మలూ ఛాతీ మీద వేలాడతాయి. ఎవరింటికైనా ఎడాన్ పంపితే కబురు వచ్చినట్టు లెక్క, బయలుదేరి వెళ్లాల్సిందే. చాలా బొమ్మల్లో చేతులు ఒకే తీరులో ఉంటాయి. ఎడమ పిడికిలి పైన, కుడి పిడికిలి కింద, బొటనవేళ్లు లోపల దాచేసి. అది ఒగ్బోని వాళ్ల నమస్కారం. ఇక గొలుసు సంగతి. మగ, ఆడ ఇద్దరే కనిపిస్తారు, కానీ ఒగ్బోని లెక్కలో వాళ్లు ముగ్గురు. ఆ మూడోది వాళ్లిద్దరి మధ్య ఉన్న రహస్యం, దానికి సాక్షిగా ఉన్న భూమి. అందుకే ఒక్క బొమ్మ విడిగా దొరికితే అది సగం వస్తువు కూడా కాదు. వేలం కేటలాగుల్లో ఒంటరి ఎడాన్‌లు కనిపిస్తూనే ఉంటాయి. గొలుసు తెంపేసి రెండు ముక్కలుగా అమ్మితే డబ్బు ఎక్కువ వస్తుందని ఎవరో ఎప్పుడో అనుకుని ఉండాలి. నాకు అవి చూస్తే చిరాకేస్తుంది.

లోహం ఎంపికలో కూడా విషయం ఉంది. ఇనుము ఓగున్ దేవుడిది. కమ్మరికి, వేటగాడికి, ఇప్పుడు లారీ డ్రైవర్లకి కూడా ఆయనే దేవుడు. ఇత్తడి తుప్పు పట్టదు, తోమితే మళ్లీ మెరుస్తుంది. ఓషున్ అనే నదీ దేవతకి ఇష్టమైన లోహం అదే. ఎడాన్‌లో రెండు లోహాలూ కలిశాయి, లోపల ఇనప ఊచ, పైన ఇత్తడి. యోరుబా కర్మకాండలో వాడే లోహపు వస్తువులు ఇదొక్కటే కాదు. మూలికల దేవుడు ఓసాన్యిన్‌కి ఇనప దండం ఉంటుంది. కమ్మరి కొట్టి చేసింది. చుట్టూ చిన్న పక్షులు, మధ్యలో ఎత్తుగా ఒక పెద్ద పక్షి. ఇఫా జోస్యం చెప్పే బాబలావోకి ఇంకో రకం ఇనప దండం ఉంటుంది. దాన్ని ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి, పడుకోబెట్టకూడదు, పడిపోతే యజమానికి కీడు. ఈ సంగతి తెలిశాక మ్యూజియం స్టోర్‌రూముల్లో అరల మీద వరసగా పడుకోబెట్టిన దండాల ఫోటోలు చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

తయారీ మనకి కొత్త కాదు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగి కారిపోయాక ఆ ఖాళీలో లోహం పోయడం. మన ఆదిలాబాద్ వైపు ఓజ కళాకారులు చేసే డోక్రా పద్ధతి ఇదే. దానికి 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. మైనం ఒక్కసారే వాడతారు, మట్టి అచ్చు పగలగొట్టాల్సిందే, కాబట్టి ఏ రెండు బొమ్మలూ అచ్చుగుద్దినట్టు ఉండవు. ఇది గుర్తుపెట్టుకోండి, నకిలీల దగ్గర పనికొస్తుంది.

మరి ఇత్తడి ఎక్కడిది? చాలావరకు వ్యాపారంలో వచ్చింది. 15వ శతాబ్దం నుంచి పోర్చుగీసు వాళ్లు, తర్వాత మిగతా యూరప్ వాళ్లు గుర్రపు నాడా ఆకారంలో ఉండే కడియాలు తెచ్చి పోశారు. వాటిని మానిల్లా అంటారు. బానిస వ్యాపారంలో అది కరెన్సీ. మనుషుల్ని వాటితో కొన్నారు. పోతపోసేవాళ్లకి మాత్రం అది ముడిసరుకు. నైజీరియాలో మానిల్లాలు చెల్లవని బ్రిటిష్ ప్రభుత్వం చెప్పింది 1949లో. అంత దాకా నడిచాయి.

ఇక్కడ నాలోని ఇంజినీర్ ఒక నిమిషం మాట్లాడతాడు. వయసు చెప్పడానికి జింక్ శాతం చూస్తారు. పాత పద్ధతిలో రాగిని జింక్ ఖనిజంతో కలిపి కాల్చేవాళ్లు. అలా చేస్తే సుమారు 28 శాతం దాకా జింక్ ఎక్కుతుంది, అంతకు మించి ఎక్కించడం కష్టం. విడిగా తీసిన జింక్ లోహం కలిపితేనే పైకి పోతుంది. యూరప్‌లో అది 18వ శతాబ్దంలో గానీ మొదలవలేదు. మన రాజస్థాన్‌లో జావర్ దగ్గర అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే జింక్ తీశారు, అది వేరే ఎపిసోడ్. సరే, ఒక బొమ్మలో 35 శాతం జింక్ ఉంటే అది మరీ పాతది కాదని చెప్పొచ్చు. తక్కువ ఉంటే పాతదని మాత్రం చెప్పలేం. ఎందుకంటే పాత కడియాలు కరిగించి నిన్న కూడా పోయొచ్చు. పరీక్ష అబద్ధాన్ని పట్టుకుంటుంది గానీ నిజానికి సర్టిఫికెట్ ఇవ్వదు. బొమ్మ లోపల మట్టి మిగిలి ఉంటే అది చివరిసారి ఎప్పుడు కాలిందో చెప్పే థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష ఉంది. దాని ఖర్చు చాలాసార్లు బొమ్మ ఖరీదుని దాటుతుంది.

చేత్తో చూసే పరీక్షలే ఎక్కువమంది చేస్తారు. తరాల తరబడి ముట్టుకున్న వస్తువు ముక్కు దగ్గర, నుదుటి దగ్గర, మోకాళ్ల దగ్గర అరిగి నున్నగా ఉంటుంది, గుంటల్లో మురికి గట్టిపడి ఉంటుంది. నకిలీలో అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది, ఎందుకంటే యంత్రం పెట్టి అరగదీశారు. ఆకుపచ్చ చిలుము యాసిడ్‌తో రెండు రోజుల్లో తెప్పించొచ్చు, అది దూది పెట్టి తుడిస్తే వచ్చేస్తుంది. ఒకే బొమ్మ, అదే వంకర, అదే లోపంతో మూడు షాపుల్లో కనిపిస్తే ఇక చెప్పేదేముంది.

బుధవారం దాకా నేను ఈ లెక్కల్లోనే ఉన్నాను. పాతదా, కొత్తదా? అదే అసలు ప్రశ్న అనుకున్నాను. గురువారం నైజీరియా చట్టం చదివాను. ప్రశ్నే మారిపోయింది.

ఆ చట్టం ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఇఫే వెళ్లాలి. యోరుబా వాళ్ల నమ్మకంలో సృష్టి మొదలైన ఊరు ఇఫే. 1938లో అక్కడ రాజభవనం దగ్గర వున్‌మోనిజే అనే లోగిలిలో ఇంటి పునాది తవ్వుతుంటే లోహపు శిరస్సులు బయటపడ్డాయి. 12 నుంచి 15వ శతాబ్దాల మధ్యవి అంటారు. ఆ ముఖాలు చూస్తే ఎదురుగా మనిషి కూర్చున్నట్టు ఉంటుంది. కొన్ని దాదాపు శుద్ధమైన రాగి. ఇత్తడి కంటే రాగిని పోతపోయడం చాలా కష్టం, బుడగలు వస్తాయి, అచ్చంతా నిండకముందే గడ్డకడుతుంది. ఇవి బయటపడక ముందే, 1910లో, ఫ్రొబేనియస్ అనే జర్మన్ ఆయన ఇఫేలో ఇలాంటి శిరస్సు ఒకటి చూసి, ఇది ఆఫ్రికా వాళ్ల పని అయ్యుండదు, మునిగిపోయిన అట్లాంటిస్ వాళ్లది అయ్యుంటుందని ఊహించాడు. ఏం చెప్పమంటారు!

1938 శిరస్సుల్లో ఒకటి చేతులు మారి మరుసటేడు బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. ఇంకో రెండు విలియం బాస్కమ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త కొని తన దేశానికి తీసుకుపోయాడు. అప్పుడు అది నేరం కాదు, ఆపే చట్టమే లేదు. బాస్కమ్ 1950లో ఆ రెండింటినీ నైజీరియాకి తిరిగి ఇచ్చేశాడు. ఈ గొడవ వల్లే కెన్నెత్ మరే లాంటివాళ్లు చట్టం కోసం పట్టుబట్టారు. 1953లో మొదటి పురావస్తు చట్టం వచ్చింది, 1979లో ఇప్పుడున్న చట్టం వచ్చింది.

1979 చట్టంలో పురావస్తువు అంటే ఏంటో ఇచ్చిన నిర్వచనం నన్ను పట్టేసింది. మన దేశంలో 1972 చట్టం ప్రకారం ఒక విగ్రహం పురావస్తువు కావాలంటే కనీసం 100 ఏళ్లు ఉండాలి. నైజీరియా చట్టం 1918కి ముందు చేసిన స్థానిక కళావస్తువుల్ని పురావస్తువు అంటుంది, అక్కడిదాకా మామూలే. దాంతో ఆగలేదు. చారిత్రక, కళా విలువ ఉన్న వస్తువుని ఎప్పుడైనా సంప్రదాయ కర్మకాండలో వాడి ఉంటే, అది ఎప్పుడు చేసిందైనా సరే, పురావస్తువే. పర్మిట్ లేకుండా దేశం దాటించకూడదు. కొనడం, అమ్మడం కూడా ఎవరు పడితే వాళ్లు చేయకూడదు.

ఇప్పుడు మన షాపు ఆయన మాట గుర్తు తెచ్చుకోండి. "వందేళ్లు పైనే, పూజలో వాడింది." కలెక్టర్లు వెతికేది అదే. అమ్మకానికి చేసింది కాదు, నిజంగా వాడింది కావాలి. రేటు పెరిగేది ఆ ఒక్క మాటకే. చట్టం ఆపేది కూడా ఆ ఒక్క మాటకే. అమ్మేవాడు చెప్పింది నిజమైతే నేను కొనకూడదు. అబద్ధమైతే ఆ రేటుకి కొనక్కర్లేదు. ఈ రెండింటికీ మధ్యలో నేను నిలబడటానికి చోటెక్కడుందో ఎంత ఆలోచించినా కనిపించలేదు.

శుక్రవారం ఆఫీసులో భోజనం దగ్గర ఫోటో తీసి అకౌంట్స్‌లో ఉండే పెద్దాయనకి చూపించాను. ఇజెబు వైపు మనిషి. అక్కడ కూడా పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవరు, మేమంతా బాబా అనేవాళ్లం. ఆదివారం చర్చి మానని మనిషి. ఫోటో చూసి ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

"నీ రూములో ఉందా ఇది?" అన్నాడు.

"లేదు బాబా, అడ్వాన్సే ఇచ్చాను."

"మా నాన్న వాళ్ల పెదనాన్నకి ఉండేది. మేం పిల్లలం ఆ గది గుమ్మం కూడా దాటలేదు" అని కాసేపు అన్నం కలుపుతూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు. "మరి ఆ పెద్దమనిషి పోయాక ఇది ఎవరి చేతికి వచ్చింది? ఎవరు బయటికి తెచ్చారు? అది అడిగావా?"

అడగలేదండి. జింక్ శాతం గురించి చదివాను, అది మాత్రం అడగలేదు.

శనివారం వెళ్లి అడిగాను. తాతది అన్నాయన ఈసారి మేనమామది అన్నాడు. సరే, మ్యూజియం వాళ్ల ఆఫీసుకి మనిద్దరం వెళ్దాం, ఎగుమతి కాగితం తీసుకుందాం అన్నాను. ఆయన నవ్వాడు. "అంత అక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్‌లో అడిగితే పోయిన నెల బెనిన్ సిటీలో పోసిన కొత్త బొమ్మ అని చెప్పు. దానికి రసీదు కూడా రాసిస్తా" అన్నాడు. రసీదు పుస్తకం బయటికి తీశాడు కూడా. గుడ్డలో ఉన్నంతసేపు వందేళ్లు, రసీదులో ముప్పై రోజులు. బెనిన్ సిటీ అంటే బెనిన్ దేశం కాదండీ, నైజీరియాలోనే ఉంది, ఇత్తడి పోతకి పేరున్న ఎడో వాళ్ల ఊరు.

నేను వద్దన్నాను. ఆయన అడ్వాన్స్‌లో సగం వెనక్కిచ్చి, బొమ్మల్ని మళ్లీ గుడ్డలో చుట్టేశాడు. మిగతా సగం పోయింది. ఆ రోజు చాలా బాధేసింది, అబద్ధం చెప్పను. డబ్బు గురించి కొంత, వస్తువు గురించి ఎక్కువ.

ఒక్క బొమ్మతో దేశం మునిగిపోతుందా అని అప్పుడు నా ఫ్రెండ్ ఒకడు అన్నాడు. వాడికి నేను మన ఊరి కథే చెప్పాను. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ స్థలం నుంచి పోయిన సున్నపురాయి శిల్పం ఒకటి, బుద్ధుణ్ణి పూజిస్తున్నవాళ్లది, ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది. వాళ్లు 2005లో న్యూయార్క్ డీలర్ దగ్గర దాదాపు 6 లక్షల డాలర్లకి కొన్నారు. కాగితాలు ఉన్నాయి, అందంగానే ఉన్నాయి, కాకపోతే అబద్ధాలు. 2016లో తిరిగి ఇచ్చేశారు. కాన్‌బెరాలో అంతమంది నిపుణులు ఉండి మోసపోయారంటే నేనెంత? ఇంకో సంగతి వినండి. 1987లో నైజీరియాలోని జోస్ మ్యూజియం నుంచి ఇఫే శిరస్సు ఒకటి దొంగతనానికి గురైంది. అది బెల్జియంలో దొరికి కూడా, 2007లో అక్కడి వేలంలో 200 యూరోలకి అమ్ముడుపోయింది. కొన్నాయన తర్వాత లండన్‌లో అమ్మబోతే పోలీసుల దాకా వెళ్లింది. వస్తువు ఎంత గొప్పదైనా, దాని చరిత్ర తెగిపోతే 200 యూరోల పాత ఇత్తడే.

అయితే సేకరించడమే తప్పా? అలా అనను. ఎడాన్ ఎన్ని తరాల నుంచి ఏ ఇంట్లో ఉందో, ఎప్పుడు దేశం దాటిందో కాగితాలతో సహా ఉన్న పాత సేకరణలు ఉన్నాయి. వాటికి రేటు ఎక్కువ, ఉండాలి కూడా. మనలాంటివాళ్లం చేయగలిగింది అడగడం. ఏ ఊరు, ఏ ఇల్లు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ సంవత్సరం. జవాబులో "ఒక యూరోపియన్ కలెక్షన్ నుంచి" అని మాత్రమే ఉంటే అది జవాబు కాదు. ఇఫే శిరస్సులైతే అడగనే అక్కర్లేదు. అంతర్జాతీయ మ్యూజియంల మండలి ఐకామ్ 2000లో వేసిన ఆఫ్రికా రెడ్ లిస్ట్‌లో అవి ఉన్నాయి, ఎవరు అమ్మజూపినా దూరంగా జరగండి. ఇక లోహం అంటే ఇష్టం అనుకునేవాళ్లకి, ఇవాళ పోతపోసేవాళ్లు ఉన్నారు కదా. కొత్తది అని చెప్పి కొత్తదానికి డబ్బు తీసుకునే మనిషి దగ్గర కొనండి. చేసినవాడి పేరు రాయించుకోండి. మన దగ్గరా అంతే. నా వెనక అరలో కనిపిస్తున్న డోక్రా ఏనుగు ఆదిలాబాద్ వైపుది, చేసినాయన ముందు కూర్చుని మైనపు దారం చుట్టడం చూసి తెచ్చుకున్నాను.

ఎడాన్ ఫోటోని మొన్న ఈ ఎపిసోడ్ కోసం జూమ్ చేసి చూశాను. బొమ్మల ముక్కులు అరిగి ఉన్నాయి, నుదురూ అరిగింది. గొలుసు మాత్రం కొత్తది, కొక్కెం దగ్గర అతుకు తెల్లగా మెరుస్తోంది. గొలుసులు తెగుతాయి, మారుస్తారు, దాంతో ఏదీ తేలదు. బాబాకి పంపాను. పోయిన ఏడాది రిటైరయ్యారు, ఇజెబులోనే ఉంటున్నారు. రెండు రోజులకి రిప్లై వచ్చింది. ఫోటో గురించి ఏమీ లేదు. పెళ్లెప్పుడు చేసుకుంటున్నావు అని అడిగారు.

వచ్చే ఎపిసోడ్ మానిల్లాల మీద. బర్మింగ్‌హామ్‌లో పోసిన కడియం పశ్చిమ ఆఫ్రికాలో డబ్బు ఎలా అయిందో చూద్దాం. ఉంటానండీ.